నాలుగో కౌంటరు ఫిర్యాదు

సొంత బావ ముఖం మీదే తలుపేశాడట ఆ ఉచితం, అని పక్కింట్లో మిషను కుట్టే ఆవిడ మేడమీద నలుగురిలో అనేసిందట. ఆవిడకెవరు చెప్పారంటే, జాకెట్లిచ్చి పోదామని వచ్చిన అతని అక్కే చెప్పుకుని ఏడ్చిందట. ఉచితం భార్య ఆ మాటని తడిబట్టల బకెట్టుతో పాటు కిందికి మోసుకొచ్చి అతని ముందు దించింది.

వీధిలో అతన్ని అందరూ ఉచితం అనే పిలుస్తారు. కంప్యూటరు ప్రోగ్రాములు రాసి, ఎలా రాశాడో కూడా దాచకుండా, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఊరికే ఇచ్చేస్తాడు మరి. వెక్కిరింపుకి పెట్టిన పేరే అయినా, అతను దాన్ని కిరీటంలా పెట్టుకు తిరిగాడు.

"బావ మన గడప తొక్కి నెల దాటింది. నేనెప్పుడు తలుపేశానే?"

"నాకేం తెలుసండీ? కంప్యూటర్లో వేశారట. నాలుగో కౌంటరు అని పేరు పెట్టి ఫిర్యాదు రాసుకుంటే, పోవయ్యా అన్నారట."

అతను టీ గ్లాసు కింద పెట్టేసి కంప్యూటరు ముందుకి జరిగాడు.

బావ బస్టాండులో నాలుగో కౌంటర్లో, అంటే విచారణ కౌంటర్లో మనిషి. మూడేళ్ల కిందట గొంతు ఆపరేషన్లో మాట పోయింది. అప్పుడు ఉచితం నాలుగు నెలలు వంచిన తల ఎత్తకుండా, టైపు చేసింది చేసినట్టు పైకి పలికే ప్రోగ్రాము రాశాడు. దాంతోనే బావ మళ్లీ కౌంటరెక్కాడు. ఆఫీసు కంప్యూటరు ఏ సిస్టం మీద నడుస్తుందో ఇతను అడగలేదు, అతను చెప్పలేదు. డబ్బుకి అమ్మే కంపెనీ సిస్టం పేరెత్తితే బావమరిదికి పూనకం వస్తుందని ఇంటిల్లిపాదికీ తెలుసు.

పూనకానికి కారణం లేకపోలేదు. ఆ కంపెనీ తన సిస్టం లోపల ఏముందో ఎవరికీ చూపించదు. ఆర్నెల్లకోసారి రూలు మారుస్తుంది. మార్చినప్పుడల్లా ప్రోగ్రాము మూగబోతుంది. ఉచితం, అతనితో కలిసి రాసే నలుగురూ ఆదివారాలు తగలేసి దాన్ని బాగుచెయ్యాలి. పోయిన నెల మీటింగులో అతను తెగేసి చెప్పాడు.

"వాళ్ల ఇంటికి మనం వెట్టి ఎందుకు చెయ్యాలి? వాళ్ల సిస్టం మీద నడిచే ఏర్పాటు తీసేద్దాం. వాడేవాళ్లే ఆ ఇల్లొదిలి వస్తారు."

"రాలేనివాళ్లూ ఉంటారు కదయ్యా," అని నసిగాడు వాళ్లలో ఉన్న బడిపంతులు.

"రాలేమని అందరూ చెప్పే సాకే అది మాస్టారూ."

తీసేశారు. కొత్త ప్రోగ్రాము బయటికెళ్లగానే ఫిర్యాదులు వచ్చిపడ్డాయి. ఉచితం ఒకే జవాబు రాసి పెట్టుకున్నాడు. పైన కంపెనీ సిస్టం పేరు కనిపిస్తే చాలు, కింద ఏముందో చదవకుండా ఆ జవాబు అతికించి మూసేస్తూ పోయాడు.

ఇప్పుడు వాటిలో 'నాలుగో కౌంటరు' అన్న పేరుతో వచ్చినదాన్ని వెతికి తెరిచాడు.

"అయ్యా, నేను విచారణ కౌంటర్లో కూర్చుంటాను. నాకు గొంతు లేదు. మీ కొత్త ప్రోగ్రాము వచ్చినది మొదలు కంప్యూటరు పలకడం లేదు. ఇది ఆఫీసుది, మార్చే అధికారం నాకు లేదు. పాతది తిరిగి పెట్టుకొను విధానం తెలుపగలరు. నాకు వారం గడువిచ్చినారు."

ఆ 'తెలుపగలరు' బావదే. పెళ్లిపిలుపు కూడా ఆఫీసు అర్జీలాగే రాస్తాడాయన. దాని కింద తన జవాబుంది: "కంపెనీ సిస్టంకి మేం పనిచెయ్యం. స్వేచ్ఛ ఉన్నదానికి మారండి. ఫిర్యాదు మూసివేయడమైనది." ఆ జవాబుని మెచ్చుకుంటూ ఎవరెవరో పెట్టిన పదకొండు చప్పట్ల బొమ్మలు. తేదీ చూశాడు. పద్దెనిమిది రోజులైంది.

చొక్కా గుండీలు దారిలో పెట్టుకుంటూ అక్క ఇంటికెళ్లాడు.

"రా నాయనా, మా తలుపు తెరిచే ఉంది," అంది అక్క, కూర తరుగుతూ తలెత్తకుండా.

బావ కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. ఒళ్లో పలక, వేళ్లకి సుద్ద.

"నాకెందుకు చెప్పలేదు బావా? ఒక్క ఫోను చేస్తే పోయేదిగా!"

"ఫోన్లో ఏం మాట్లాడతాడురా?" అంది అక్క.

బావ తాపీగా రాసి పలక తిప్పాడు. 'ఇరవై ఆరేళ్లు అందరినీ వరసలో రమ్మన్నాను. నేనూ వరసలోనే వచ్చాను.'

"ఈ సాయంత్రానికల్లా తిరిగి పెట్టేస్తాను బావా. మిగతావాళ్లకి నేను చెప్పుకుంటాను."

"పెట్టి ఎవరికి? గడువు దాటగానే కౌంటరు వేరేవాళ్లకిచ్చేశారు. మీ బావని పార్సిళ్ల గదిలో వేశారు. మూటలతో మాటలేముంటాయిలే, సరిపోతుందిలే అన్నారట." అక్క కత్తిపీట పక్కకి నెట్టింది.

"మీ పెద్దాఫీసరుతో నేను మాట్లాడతాను. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను." ఉచితం కుర్చీ పక్కన నేలమీద కూలబడ్డాడు. "నువ్వని తెలిస్తే మూసేవాణ్ణా బావా?"

బావ చొక్కా చేత్తో పలక తుడిచి, మూడు మాటలు రాసి, అతని ముఖానికెదురుగా పట్టుకున్నాడు.

'వేరేవాళ్లదైతే మూసేస్తావు. అంతేగా?'