షూ డబ్బాల్లో పిట్టలు

“అటక మీది బొమికల డబ్బాలు చెత్త ట్రాక్టర్లో వేయించేశానమ్మా. ఇప్పుడు ఇల్లు ఇల్లులా ఉంది” అంది అత్తగారు సంపూర్ణమ్మ, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ.

కాలేజీ నుంచి వచ్చి చెప్పులన్నా విప్పని హైమవతి అలాగే స్టూలెక్కి అటకంతా వెతికింది. ఆ షూ డబ్బాల్లో ఉన్నవి పిచ్చుక, గోరువంక, పిగిలిపిట్ట, ఏట్రింత పిట్టల ఎముకలు. బెజవాడ నుంచి కంకిపాడు వెళ్ళే బస్సులోంచి కాలవగట్టున చచ్చిపడిన పిట్ట కనిపిస్తే దిగిపోయి, రుమాల్లో చుట్టి తెచ్చేది. అత్తగారు గుడికెళ్ళినప్పుడు పెరట్లో కిరసనాయిలు స్టవ్ మీద ఉడకబెట్టి, ఒక్కో ఎముకా టూత్‌బ్రష్‌తో తోమి ఎండబెట్టేది. అదీ ఇంటెడు చాకిరీ ముగిశాకే. జువాలజీ లెక్చరరైతే మాత్రం, ఎసరు దానంతటది పెట్టుకుంటుందా?

ఇదంతా లక్షల ఏళ్ళ కిందట అంతరించిన ఒక పాడే పిట్ట కోసం. రాతిలో మిగిలింది దాని కాలూ, రెక్కా. శాస్త్రవేత్తల్లో ఒకరు దాన్ని పిగిలిపిట్టల్లో కలిపారు, మరొకరు గోరువంకల్లో. హైమవతి ఆ కాలి ఎముకల అచ్చు తెప్పించుకుని, బతికున్న జాతుల ఎముకలన్నిటి పక్కనా పెట్టి చూసింది. ఎక్కడా ఇమడలేదు. దాన్ని వేరే కుటుంబంగా గుర్తించాలని థీసిస్ రాసింది. సోమవారం ఆ ఎముకలు చూపిస్తేనే గైడు సంతకం పెడతానన్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చిన భర్త కృష్ణారావు సంగతి విని నవ్వాడు. “రేపు మా మేనేజర్ గారు భోజనానికొస్తుంటే ఇంట్లో చచ్చిన పిట్టలేంటి హైమా? ఆదివారం కోడి తెస్తాలే, ఆ బొమికలు దాచుకో.” అంతటితో ఊరుకున్నా బాగుండేది. “అయినా ఒక్క పిట్టకి వేరే కుటుంబమేంటి? ఎక్కడో ఒకచోట సర్దుకోవాలి గానీ.”

ఈ మాట ఆమె పెళ్ళయిన కొత్తలోనూ విన్నది. అప్పుడు పిట్ట గురించి కాదు.

మర్నాడు మేనేజర్ గారు గుత్తొంకాయ మారు వడ్డించుకుని, “మీ మిసెస్ వంట అద్భుతమండీ” అన్నారు కృష్ణారావుతో. హైమవతి చేతులు తుడుచుకుని, హాల్లోని ఫోన్ తీసి ప్రిన్సిపాల్‌కి కలిపింది. ఇంట్లో ఒప్పుకోరని పోయిన నెల తానే వద్దన్న కాలేజీ హాస్టల్ వార్డెన్ పనీ, దాంతోపాటు ఇచ్చే గదీ అడగడానికి.

“ఖాళీగానే ఉందా మేడమ్? అయితే ఇవాళే వస్తానండీ.”

తింటున్న చేతులు ఆగాయి. ఎంతమంది ఉంటారని అవతల ప్రిన్సిపాల్ అడిగింది.

“నేనొక్కదాన్నేనండీ. వెనకవైపు కాస్త ఎండ తగిలితే చాలు, బొమికలు ఎండబెట్టుకోవాలి.”