ఎర్రదీపం మీద చీటీ

చిన్నకోడలు కొరియన్ నేర్చుకోవడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో గోడలకు కూడా తీరిక లేకుండా పోయింది. కంటికి కనిపించిన ప్రతిదాని మీదా దాని కొరియన్ పేరు రాసి చీటీ అంటించేసేది. ఉప్పుడబ్బా అయింది, అద్దం అయింది, చివరికి మామగారి కళ్లజోడు పెట్టె కూడా అయింది. ఆమె పనిచేసే చెప్పుల ఫ్యాక్టరీలో మేనేజరు కొరియా మనిషి. ఆయన మాటలు తర్జుమా చేసే దుబాసీ ఈమధ్యే పని మానేశాడు. ఆ కుర్చీ మీద చిన్నకోడలి కన్ను పడింది.

రోజూ భోజనాల వేళ పాఠం అప్పజెప్పేది తోడికోడలికే. పెద్దకోడలిది కూడా ఆ ఫ్యాక్టరీయే. సోల్స్‌ని వేడి ప్రెస్సులో నొక్కి అతికించే పని.

"చూడక్కా, అచ్చం మన మాటలాగే. ముందు ఎవరు, తర్వాత దేన్ని, చిట్టచివర చేసే పని. చొనున్ మురుల్ మాష్యొయో. నేను నీళ్లు తాగుతాను."

"అలా అంటే నీళ్లు వాళ్లే తెచ్చిస్తారా?" అనేది పెద్దకోడలు ముద్ద నములుతూ. వెక్కిరించినా, చెప్పినన్నిసార్లూ ఓపిగ్గా వినేది.

ఒకరోజు పాఠంలో దీపం అన్న మాట వచ్చింది. చిన్నకోడలు ఊరుకుంటుందా? చీటీ రాసి ఫ్యాక్టరీకి తీసుకెళ్లి తోడికోడలి ప్రెస్సుకున్న ఎర్రదీపం మీదే అంటించింది. ప్రెస్సు మరీ వేడెక్కితే వెలిగే దీపం అది. వెలిగితే పని ఆపేయాలి. ఆ మధ్యాహ్నం అది కాగితం వెనకాలే వెలిగింది. ఎక్కడ చూసినా చీటీలే గనక పెద్దకోడలు ఆ చీటీని పట్టించుకోలేదు, దాని వెనక వెలుగూ ఆమె కంట పడలేదు. కమురు వాసన వచ్చేసరికి సోల్స్ అన్నీ మాడిపోయాయి.

అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చిన చిన్నకోడలు ప్రెస్సు ఆపి, చీటీ పీకి గుప్పిట్లో దాచేసుకుంది. మేనేజరు వచ్చి ఏదేదో అడిగాడు. కొరియన్ వచ్చు కదా అని ఎవరో చిన్నకోడల్ని ముందుకు తోశారు.

"దీపం వెలగలేదని చెప్పవే," అంది పెద్దకోడలు కంగారుగా. "వెలిగితే నేను ఆపనా?"

చిన్నకోడలు గుప్పిట మరింత బిగించింది. దీపం పేరెత్తితే చీటీ బయటపడుతుంది, చీటీ వెంట తన పేరు. అప్పుడిక దుబాసీ కుర్చీ సంగతి మరిచిపోవాల్సిందే.

"ఇ సరామి శిల్సు హెస్సొయో," అంది. ఈ మనిషి తప్పు చేసింది.

పరాయి మనిషి ఎదుట ఆమె తడబడకుండా పలికిన మొదటి కొరియన్ వాక్యం అదే. మేనేజరు మెచ్చుకోలుగా తలూపి, పొద్దున తన గదికి రమ్మన్నాడు. పెద్దకోడలికి మాత్రం రేపట్నుంచి రావద్దని చేతులతోనే చెప్పాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర చిన్నకోడలు పాఠం అప్పజెప్పలేదు. సిగ్గుతో చచ్చిపోతోంది. ఇంట్లో ఏ చీటీ చూసినా తననే వేలెత్తి చూపుతున్నట్టుంది.

"ఆయనకేం చెప్పావే?" అని అడిగింది పెద్దకోడలు.

"దీపం వెలగలేదనే చెప్పానక్కా. ఆయనే వినిపించుకోలేదు."

"అలాగా," అంది పెద్దకోడలు.

తెల్లారింది. చిన్నకోడలు తయారయ్యేసరికి పెద్దకోడలు ఆమె క్యారియరు సర్ది గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పటిలాగే అడుగుగిన్నెలో అన్నం ఎక్కువే పెట్టింది.

"నీ పాఠాలన్నీ విన్న చెవులే ఇవి," అంది పెద్దకోడలు నెమ్మదిగా. "శిల్సు హెస్సొయో అంటే ఏమిటో నాకు తెలీదనుకున్నావా? నువ్వు చీటీ పీకడం కూడా చూశాను. నలుగురిలో నిన్ను అల్లరిపెట్టడం ఇష్టంలేక నోరు మూసుకున్నాను. ఇంటికొచ్చాకైనా చెప్తావనుకున్నానే."

క్యారియరు కోసం చాచిన చేయి చిన్నకోడలు వెనక్కి తీసుకుంది.

"కూర్చో. ఇవాళ మేనేజరుకి చెప్పాల్సింది నాకు అప్పజెప్పు. ముందు ఎవరు?"

చిన్నకోడలు గడపమీద కూలబడి భోరుమంది. "నేనక్కా. నేనే."

"ఏడుపు తర్వాత," అంది పెద్దకోడలు పక్కనే కూర్చుంటూ. "కొరియన్‌లో చెప్పు. బస్సొచ్చేస్తుంది, నేనూ వస్తున్నాను."