డబ్బాకు గొలుసులు

సుల్తానాబాద్ దగ్గరి మా ఊరికి ట్రాక్టర్ వచ్చిన రెండో వానకాలం అది. గుట్ట అవతలి మడులకు నాట్లేసే ఆడవాళ్లను ట్రాక్టర్ వెనుక తగిలించిన ఇనుప డబ్బాలో తీసుకుపోయేవారు. నడిచిపోతే చేరేసరికే పొద్దు బారెడెక్కేది. డబ్బా ఎక్కుదామని పద్నాలుగుమందిని ఒప్పించింది దుర్గవ్వ. నాట్ల గుంపుకు ఆమే పెద్ద.

మంగళవారం నాడు గుట్ట ఎక్కుతుండగా, డబ్బాను ట్రాక్టర్‌కు కలిపే చీల ఎగిరి ఊడిపోయింది. డబ్బా వెనక్కి జారి తుమ్మ పొదల్లో ఆగింది. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. సమ్మవ్వ మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. కాని అందరినీ ఎక్కించింది తానేనని దుర్గవ్వకు ఆ రోజు నుంచి అన్నం సయించలేదు. ఇక డబ్బా ఎక్కేది లేదని చెప్పేసింది.

శుక్రవారం పొద్దున ట్రాక్టర్ డ్రైవర్ మహమూద్ ఆమె వాకిట్లో నిలబడ్డాడు.

“అవ్వా, నారు పీకి కట్టలు మడిల ఏసిన్రు. రేపు నాటకపోతే మురుగుతది. పోశం మామ డబ్బాకు గొలుసులు ఏసిండు. ఇగ ఫికర్ లేదు.”

“నీకేం ఫికర్? నువ్వు ముంగట కూసుంటవు. ఎనుకకు జారేది మేము.”

“జర ఒక్కపారి వచ్చి చూడు.”

“చూసుడుకేం, చూస్త.”

ట్రాక్టర్, డబ్బా కొలిమి ముందర ఉన్నాయి. పోశం నలభై ఏళ్లుగా నాగళ్లకు కర్రులు, బండి చక్రాలకు పట్టాలు వేసిన కమ్మరి. ఎద్దుల బండికి కాడి, నొగ కలిసేది ఒక్క చోటే, తాళ్లన్నీ అక్కడే ముడిపడతాయి. ఆ అలవాటుతోనే అతను గొలుసులు రెండింటినీ డబ్బా చట్రం నుంచి తెచ్చి, డబ్బాను పట్టే ఆ చీలకే బిగించాడు. గొలుసులు లావైనవి. అతుకులు నున్నగా ఉన్నాయి.

దుర్గవ్వ వంగి చూసింది. చీలను వేలితో తట్టింది.

“బావా, గీ చీల ఎగిరిపోతే గొలుసులు దేన్ని పట్టుకుంటయి?”

పోశం గొలుసును గట్టిగా గుంజి చూపాడు.

“చీలతోటే అవి గూడ పోతయి. మేము మల్ల తుమ్మలల్లకే.”

“నాకు పని నేర్పుతున్నవా?”

“నేనేడ నేర్పుత? బాయి నీళ్లు తోడే మోట కొట్టినదాన్ని. మోటకు లావు మోకు ఒక దిక్కు, నీళ్లు ఒంపే తొండానికి సన్న తాడు ఒక దిక్కు కడ్తం. మోకు తెగిన్నాడు తొండం తాడు ఉండబట్టే మోట బాయిల మునగలే. రెండూ ఒక్కకాడ కడితే రెండూ పోవా?”

మహమూద్ నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు.

“నవ్వకురా. మొన్న చీల ఊడితే ఎనుకకు గూడ చూడనోనివి” అన్నాడు పోశం. మహమూద్ నవ్వు ఆగింది.

పోశం చుట్ట ముట్టించి, డబ్బా కిందికి దూరి చాలాసేపు చూశాడు. తర్వాత కొలిమి రాజేశాడు. ట్రాక్టర్ వెనుక అడ్డంగా ఉన్న మందపాటి ఇనుప పట్టీకి, చీలకు దూరంగా, చెరో కొసన ఒక కడియం వేశాడు. డబ్బా చట్రం కుడివైపు గొలుసును ఎడమ కడియానికి, ఎడమ గొలుసును కుడి కడియానికి తగిలించాడు.

“అడ్డమెందుకేసినవ్?” అంది దుర్గవ్వ.

“చీల ఊడితే డబ్బా మూతి నేలకు గుచ్చుకోవద్దు. ఉయ్యాలల పడ్డట్టు గీ రెండింటి నడుమ పడాలె. గిది నీ మోటల లేదు.”

మహమూద్ చేత ట్రాక్టర్‌ను కుడికీ ఎడమకూ తిప్పించి చూశాడు. నేలకు రాయకుండా, మలుపులో మాత్రం బిగుసుకోనంతగా ఒక్కో గొలుసుకు రెండేసి కొండీలు తగ్గించాడు.

“ఇగ ఎక్కుతవా?”

“ముందు నువ్వెక్కు. చీల తీసేసి గుట్ట ఎక్కియ్యమను.”

“అవ్వా, మామను పరేషాన్ చెయ్యకు” అన్నాడు మహమూద్. అప్పటికే పోశం డబ్బాలో కూర్చున్నాడు.

గుట్ట మొదట్లో మహమూద్ చీల కొట్టి తీశాడు. డబ్బా మూతి దబ్బున దిగి గొలుసుల నడుమ నిలిచింది. ట్రాక్టర్ మెల్లగా ఎక్కసాగింది. దుర్గవ్వ చంకలో రాయి పెట్టుకుని చక్రం పక్కనే నడిచింది. మంగళవారం జారిన చోట గొలుసులు కిర్రుమన్నాయి. పోశం డబ్బా పక్క పలక పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. డబ్బా జారలేదు.

పైన ఆమె చక్రం వెనుక రాయి పెట్టింది.

“బావా, కండ్లెందుకు మూసినవ్?”

“దుమ్ము పడ్డది.”

“వాన పడ్డ తొవ్వల దుమ్మెక్కడిది?”

ముగ్గురూ నవ్వారు. మహమూద్ చీల మళ్లీ వేశాడు.

శనివారం పొద్దున సమ్మవ్వ డబ్బా మీద కాలు పెట్టి మళ్లీ దించింది. దుర్గవ్వ తానే ఎక్కి అందరికన్నా వెనుక కూర్చుంది. తర్వాత ఒకరొకరే ఎక్కారు.

గుట్ట మీద అందరూ పలకలు పట్టుకుని ఊపిరి బిగబట్టారు. దిగుడులో చేతులు వదిలారు. చింతచిగురు పప్పులో ఉల్లిగడ్డ వెయ్యాలా వద్దా అని వాదన మొదలైంది.

“ఎట్లుందవ్వా?” అని మహమూద్ వెనక్కి తిరిగి అరిచాడు.

“ముంగట చూసి నడుపు” అంది దుర్గవ్వ, ఉల్లిగడ్డ వద్దనే వాళ్ల వైపు జరుగుతూ.