పదకొండుసార్లు తొక్కిన క్లచ్

మా బావకి కారంటే ప్రాణం. కారుకి మాత్రం ఆయన మీద అలాంటి అభిప్రాయం ఉన్నట్టు ఎప్పుడూ కనిపించలేదు. పద్నాలుగేళ్ళ ఆ చిన్న తెల్లబండి, ఎత్తు రోడ్డు వస్తే ముందు నిట్టూర్చి తర్వాత ఎక్కేది. ఈ మధ్య నిట్టూర్పు ఎక్కువై ఎక్కడం తగ్గింది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను అరిచేది. ఆ కబురు చక్రాలకు తీరిగ్గా చేరేది. క్లచ్ అరిగిపోయిందని మెకానిక్ బాబాయి తేల్చాడు. మామూలు క్లచ్ వేయించుకుంటే సరిపోయేది. కానీ మామూలుతో సరిపెట్టుకునే మనిషైతే మా బావని వీధి వీధంతా "టర్బో" అని ఎందుకు పిలుస్తుంది?

ఆయన వారం రోజులు ఫోన్లో వెతికి రేసు బళ్ళకు వేసే పెర్ఫార్మెన్స్ క్లచ్ తెప్పించాడు. కారు కంపెనీ ఇచ్చేది కాదు, బయటివాళ్ళెవరో ప్రత్యేకంగా తయారుచేసేది. అట్టపెట్టె మీద మంటలు కక్కుతున్న ఎర్రకారు బొమ్మ ఉంది. రెట్టింపు శక్తిని తట్టుకుంటుందని దాని కింద రాసి ఉంది.

"మన బండికి రెట్టింపు శక్తి ఎక్కడుందండీ?" అని అడిగింది అక్క.

"ముందు తట్టుకునేదంటూ ఉంటే శక్తి దానంతటదే వస్తుంది."

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అంది అత్తయ్య వంటింట్లోంచి. అత్తయ్య బావ కన్నతల్లే. కానీ సామెత నోటికొస్తే ఆవిడ చుట్టరికం చూడదు.

అక్క నవ్వలేదు. ఆమెకు పదకొండు రోజుల్లో పరీక్ష ఉంది. అక్క పనిచేసిన బట్టల దుకాణం మూతపడి ఐదు నెలలైంది. తర్వాత ఎన్నిచోట్ల అడిగినా పిలిచింది ఒక్క ఆసుపత్రివాళ్ళే. రక్తం నమూనాలను ల్యాబుకు చేర్చే వ్యానుకు డ్రైవరు కావాలన్నారు. వాళ్ళ పరీక్ష చిత్రంగా ఉంటుంది. ఎవరి బండి వాళ్ళే తెచ్చుకోవాలి. ముందు సీట్లో ఒక ట్రే, అందులో నీళ్ళు నింపిన పన్నెండు గాజుగొట్టాలు నిలబెడతారు. ఆసుపత్రి కింద పార్కింగు నుంచి పైకొచ్చే ఏటవాలు దారి మీద సగంలో ఆగి, మళ్ళీ కదలాలి. బండి వెనక్కి జారకూడదు, ఒక్క గొట్టం పడకూడదు. పోయిన నెల వెళ్తే అరిగిన క్లచ్ పుణ్యమా అని బండి వెనక్కి జారింది. "ఇంకొక్కసారి రండి. మూడోసారి ఉండదు" అన్నారు వాళ్ళు.

ఇది తెలిసే బావ రేసు క్లచ్ తెప్పించాడు. భార్య మీద ప్రేమతోనే తెప్పించానని ఆ రోజు నాలుగుసార్లు చెప్పాడు.

పెట్టె విప్పడం ఇంట్లోనే జరిగింది. లోపలి నుంచి క్లచ్ ప్లేటు బయటికి తీశాడు. అన్నం పళ్ళెమంత గుండ్రంగా, రెండు పక్కలా రాగిరంగు గరుకుతో, మధ్యలో బలమైన స్ప్రింగులతో చూడ్డానికి బాగానే ఉంది. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లో పట్టుకుని బావ అందరికీ చూపించాడు. పక్కింటాయన ఎత్తుకున్నాడు. ఆయన భార్య ఎత్తుకుంది. వేపుడు మూకుడు దించి అప్పుడే వచ్చిన అత్తయ్య, "ఏదీ, నన్నూ చూడనీరా" అని అదే చేతుల్తో అందుకుని, బరువు చూసి, అటూ ఇటూ తిప్పి, "గట్టి పిండమే" అంది. అక్కావాళ్ళింట్లోనే ఉండి బట్టలు కుట్టే నేను కుట్టుమిషను దగ్గరే కూర్చుని చూస్తున్నాను. గరుకు మీద అత్తయ్య బొటనవేలు పడిన చోట చిన్న నల్లమచ్చ ఏర్పడింది. చెబుదామనుకునేలోపు బావ ప్లేటుని పెట్టెలో పెట్టి జోకొట్టేశాడు.

మెకానిక్ బాబాయి షెడ్డుకి మర్నాడు పొద్దున్నే బావా, అక్కా, నేనూ వెళ్ళాం. ఆ షెడ్డులో పనిముట్లన్నీ గోడ మీద వరసగా వేలాడుతుంటాయి, ఒక్కొక్కదాని వెనక దాని ఆకారం సున్నంతో గీసి ఉంటుంది. బాబాయి ముందు గేరుబాక్సు దించి, పాత క్లచ్ తీసేశాడు. తర్వాత సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కుని, ఉతికిన గుడ్డతో తుడుచుకుని, అప్పుడు కొత్త ప్లేటు అందుకున్నాడు. దాన్ని అంచుల దగ్గర మాత్రమే పట్టుకుని కిటికీ వెలుతురుకి ఎత్తాడు.

"ఈ వేలిముద్ర ఎవరిదబ్బాయ్?"

బావ వంగి చూశాడు. "కంపెనీ ముద్రేమో బాబాయ్."

బాబాయి వాసన చూశాడు. "కంపెనీలో పోపు కూడా వేస్తారన్నమాట."

బావ పైకప్పు వంక చూడసాగాడు.

"క్లచ్ అంటే గరుకు గరుకుని పట్టుకోవడమేనయ్యా. మధ్యలో నూనె చేరితే పట్టాల్సిన చోట జారుతుంది, జారాల్సిన చోట పడుతుంది. బండి వణుకుతుంది." ఆయన మచ్చ మీద మందు చల్లి, గరుకు కాగితంతో గుండ్రంగా రుద్ది, మళ్ళీ చల్లాడు. "పైది పోయింది. లోపలికి పీల్చుకున్నది ఎంతో నాకు తెలీదు. నడుపుతూ అరగదీస్తే పోవాలి."

బిగించడం ఇంకో యాగం. ప్లేటు సరిగ్గా మధ్యలో కూర్చోడానికి బాబాయి తాను చెక్కించుకున్న కర్రములుకు దూర్చాడు. పై మూతకున్న ఆరు బోల్టుల్నీ ఎదురెదురుగా, ఒక్కోదాన్నీ అరచుట్టు చొప్పున బిగించుకుంటూ పోయాడు. వీడియోల్లో ఈ పని నాలుగు నిమిషాల్లో అయిపోతుందని బావ గుర్తుచేశాడు. "వీడియోలో కత్తిరిస్తారు. నేను బిగిస్తాను" అన్నాడు బాబాయి తల ఎత్తకుండా.

అన్నీ అయ్యాక ఆయన మా ముగ్గుర్నీ వరసగా నిలబెట్టి చెప్పాడు. "కొత్త ప్లేటూ, అది ఆనుకునే ఇంజను చక్రం, అదే పాత ఫ్లైవీలూ, ఒకదానికొకటి అలవాటు పడాలి. ఎనిమిది వందల కిలోమీటర్లు మెత్తగా నడపండి. ఊళ్ళోనే. ఆగుతూ, కదులుతూ. గట్టిగా తొక్కి లాగించావో, రెండూ కాలి అద్దంలా నున్నబడతాయి. ఇక అంతే సంగతులు. కొత్త కోడలూ అత్తా లాంటివి, మొదట్లో కొంచెం గొణుగుడు ఉంటుంది."

ఈ మాట ఇంటికొచ్చి చెబితే అత్తయ్య, "ఫ్లైవీలు తప్పేమీ ఉండదు" అంది.

బావ తెల్లారేసరికి బండితో సహా మాయమయ్యాడు. మధ్యాహ్నం గెలిచొచ్చిన సేనాపతిలా దిగాడు. ఒక్క పూటలో మూడు వందల ఇరవై కిలోమీటర్లు పూర్తి. గంటకు అరవై దాటలేదట. అక్కకు శ్రమ తగ్గిద్దామనే వెళ్ళాడట. అక్క ఆయన్ని బండెక్కించి, నన్నూ ఎక్కించి, తిన్నగా షెడ్డుకి నడిపింది. బయల్దేరిన ప్రతిసారీ బండి చలిజ్వరం వచ్చినట్టు వణికింది.

"ఎక్కడ తిప్పావ్?" అన్నాడు బాబాయి.

"రింగు రోడ్డు మీద."

"ఊళ్ళోనే అన్నాను కదా?"

"రింగు రోడ్డు ఊరి చుట్టూతానే కదా బాబాయ్ ఉంది!"

"అక్కడ సిగ్నళ్ళున్నాయా?"

"ఒక్కటీ లేదు! అందుకేగా అంత తొందరగా అయిపోయింది."

బాబాయి గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. "క్లచ్ ఎన్నిసార్లు తొక్కావ్?"

బావ మనసులో గేర్లన్నీ మార్చి చూసుకున్నాడు. టీకి ఆగిన చోటు కూడా కలిపాడు. "పదకొండుసార్లు" అన్నాడు.

"అయితే నీకు అయింది మూడు వందల ఇరవై కాదు, పదకొండు. తొక్కి వదిలినప్పుడే అది అరిగేది. ఐదో గేర్లో పెట్టి కూర్చుంటే అది కూడా నీలాగే విశ్రాంతి తీసుకుంటుంది." అక్క వైపు తిరిగాడు. "కిలోమీటర్ల సంగతి వదిలెయ్యమ్మా. మూడు వేలసార్లు తొక్కి, మెత్తగా వదులు. ఎన్ని రోజులుంది?"

"తొమ్మిది."

"బాబూ, ఈ తొమ్మిది రోజులూ నువ్వు నడిచి తిరుగు" అన్నాడు బావతో.

ఆ తొమ్మిది రోజులూ నేను కుట్టుమిషను మూసి, అక్క పక్కన నోటుపుస్తకం పట్టుకుని కూర్చున్నాను. ఆమె క్లచ్ వదిలినప్పుడల్లా ఒక గీత. లోకమంతా రద్దీ తప్పించుకునే దారులు వెతుక్కుంటుంటే మేం రద్దీని వెతుక్కుంటూ పోయాం. పదింటికి కూరగాయల మార్కెట్టు. ఒంటిగంటకు బస్టాండు. నాలుగింటికి బడి వదిలే వీధి. ఎర్రలైటు పడితే ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని సంతోషపడేవాళ్ళం. దారి ఖాళీగా కనిపిస్తే అక్క మొహం వాడిపోయేది. ఒకరోజు కూడలిలో లారీ అడ్డం తిరిగి గంటసేపు బళ్ళన్నీ నిలిచిపోయాయి. చుట్టూ అందరూ ఆ డ్రైవర్ని తిడుతున్నారు. అక్క మాత్రం అద్దం దించి, "ఏం పర్లేదన్నా, నిదానంగా తీసుకోండి" అంది. ఆ గంటలో నూట ఎనభై గీతలు.

వెనక సీట్లో అత్తయ్య ఉండేది. వీధిలో ఎవరికి ఎక్కడ పనున్నా ఆవిడే పిలిచి ఎక్కించేది. "మాదెలాగూ తిరిగే బండే, ఎక్కు" అనేది. బండి వణికినప్పుడల్లా మాత్రం, "ఏంటే ఈ ఊపు? కట్టుడుపళ్ళు కడుపులోకి పోయేలా ఉన్నాయి" అని కేకేసేది. నూనె ఎవరిదో మేమెవరం అనలేదు. అనగలిగేవాడు ఆవిడకి కొడుకూ, అనలేనిది ఆవిడకి కోడలూ కదా అని ఊరుకున్నాం. మూడోరోజు ఆవిడే, "ఆ మచ్చ నా వేలిదేగా" అంది. అని, ఆ సాయంత్రం నుంచి అక్క ఎడమకాలికి వేణ్ణీళ్ళ కాపడం తనే పెట్టింది. రేసు క్లచ్ పెడలు రాయిలా ఉంటుంది. అక్క పిక్క రాత్రికల్లా బిగుసుకుపోయి, మెట్లు పక్కకు తిరిగి దిగేది.

మందుల దుకాణంవాడినడిగి పన్నెండు చిన్న గాజుసీసాలు తెచ్చి, నీళ్ళు నింపి, నా కాళ్ళ దగ్గర ట్రేలో పెట్టుకున్నాం. మొదటిరోజు ఒక్క ఎత్తు వంతెన మీదే తొమ్మిది పడ్డాయి. ఐదోరోజుకి నాలుగు. ఆరోరోజు మళ్ళీ ఏడు. ఆ రోజు అక్క బండి పక్కకు ఆపి, స్టీరింగు మీద నుదురు ఆనించింది.

"ఇది నా కాలి తప్పా, ప్లేటు తప్పా చెప్పవే."

నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. "రెండు వేల నలభై అయ్యాయక్కా" అని మాత్రం చెప్పాను. ఆమె మళ్ళీ తాళం తిప్పింది.

బావ సాయంత్రాలు గుమ్మంలో నిలబడి ఎదురుచూసేవాడు. మాకోసం కాదు. "మెత్తబడిందా? ఒక్కసారి సందు చివరిదాకా లాగి చూడనా?" అనేవాడు. "నువ్వు ముందు పాల ప్యాకెట్టు లాక్కురా" అనేది అత్తయ్య.

ఎనిమిదోరోజు బడి వీధిలో పిల్లలు దాటడానికి ఆగాం. అక్క క్లచ్ వదిలింది. నేను వణుకు కోసం ట్రే పట్టుకున్నాను. అది రాలేదు. కిటికీలోంచి గోడ వెనక్కి జరుగుతుంటే చూసి, బండి కదిలిందని తెలుసుకున్నాను. వెనక నుంచి అత్తయ్య, "ఏంటి, ఇంజను ఆగిపోయిందా?" అంది. పుస్తకంలో రెండు వేల ఆరు వందల పన్నెండో గీత అది. అక్క మళ్ళీ ఆగింది, మళ్ళీ కదిలింది. మూడు వేలూ పూర్తయ్యేదాకా ఆగుతూ, కదులుతూనే ఉంది.

పరీక్షరోజు ఆసుపత్రి రవాణా ఇన్‌చార్జి మేడం కళ్ళద్దాలు తలమీదికి ఎక్కించుకుని వచ్చింది. "మళ్ళీ అదే బండా?" అని అడిగింది.

"బండి అదే. క్లచ్ వేరు మేడం."

"రేసు క్లచ్ మేడం. నేనే స్వయంగా..." అని బావ ముందుకొచ్చాడు.

"మీరెవరు?"

"ఆవిడ భర్తనండీ."

"పరీక్ష మీకు కాదుగా? పక్కకు నిలబడండి."

నేనూ బావా ఏటవాలు దారి పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాం. ఇన్‌చార్జి వెనక సీట్లో కూర్చుంది. బండి కింది నుంచి వచ్చి సరిగ్గా సగంలో ఆగింది. బ్రేకు దీపాలు ఎర్రగా వెలిగాయి. అక్క మొహం అద్దంలోంచి కనిపిస్తోంది. బడి వీధిలో పిల్లలు దాటుతుంటే ఎలా ఉండేదో అలాగే ఉంది. దీపాలు ఆరాయి. చక్రం అంగుళమైనా వెనక్కి తిరగలేదు. బండి ఉన్నచోటు నుంచి అలా పైకి జరిగిపోయింది. బావ నా చెయ్యి ఎప్పుడు పట్టుకున్నాడో తెలియదు, వేళ్ళు నొప్పెట్టాయి.

పైన ఇన్‌చార్జి దిగి, ముందు తలుపు తెరిచి, గొట్టాలు లెక్కపెట్టింది. మళ్ళీ ఒకసారి లెక్కపెట్టింది. "సోమవారం ఉదయం ఆరింటికి వచ్చెయ్యండి. బండి కింద పెట్టి, ఆఫీసులో సంతకం చేసి వెళ్ళండి" అంది.

సంతకం చేసి వచ్చేసరికి బావ రెండు అడుగుల ఎత్తు పెరిగి ఉన్నాడు. ఫోన్లో ఎవరికో చెబుతున్నాడు. "మామూలు క్లచ్చయితే వచ్చేదా ఉద్యోగం? నాకు ముందే తెలుసు." ఫోను పెట్టేసి, చేతులు రుద్దుకుని, "ఇక మెత్తబడినట్టేగా? ఇంటిదాకా నేను నడపనా?" అని అడిగాడు.

"నడపండి" అంది అక్క. తొమ్మిది రోజుల్లో మొదటిసారి వెనక సీట్లో కూర్చుని, ఎడమకాలు చాపి నా ఒళ్ళో పెట్టింది.

బావ ఏటవాలు దారి ఎక్కడం మొదలుపెట్టాడు. సగంలో ముందు బండి ఆగింది. ఆయనా ఆగాడు. కదలబోతే ఇంజను ఎక్కిళ్ళు పెట్టి ఆగిపోయింది. తాళం తిప్పాడు, మళ్ళీ ఆగిపోయింది. మూడోసారి బండి కప్పలా ఒక్క గెంతు గెంతి ఊరుకుంది. వెనక అప్పటికే ఐదు కార్లు, ఐదు హారన్లు. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి, "సార్, ముందు హ్యాండ్‌బ్రేకు వెయ్యండి, హ్యాండ్‌బ్రేకు!" అని అరుస్తున్నాడు. బావ చెవులు ఎర్రగా కందిపోయాయి. "ఇది... పెడలు కొంచెం..." అని ఏదో అంటున్నాడు.

అక్క తల సీటుకి ఆనించి కళ్ళు మూసుకుంది.

"తొందరేం లేదండీ. సోమవారం ఆరింటికి డ్యూటీ. ఆలోపు ఇంటికి చేరుస్తారుగా?"