వెనక తొట్టిలో చేప

జూన్ మొదటి ఆదివారం తెల్లవారగానే ఇవసె నదిలో అయు చేపల వేట మొదలవుతుంది. ఆ ఉదయం నదిలోని టోపీరాయి దిగువన ఎవరు నిలబడాలో కమినో ఊరి వేట సంఘం పెద్దలు ముందుగా నిర్ణయిస్తారు. అక్కడ పడిన మొదటి చేపను ఉప్పు రాసి కాల్చి, లోయలో అందరికంటే వయసు మీరిన మనిషికి తినిపించడం ఆనవాయితీ. పట్టినవాడు ఆ మనిషి కుడిపక్కన కూర్చుంటాడు. పదకొండేళ్లుగా ఆ రాయీ, ఆ కుడిపక్కా మినెయోవే. ఈ ఏడు కావని అతనికి బుధవారం నాడు, తన చేపల దుకాణం ముందు తొట్లు తోముతుండగా తెలిసింది.

“ఈసారి రాయి కింద అకుత్సు సాన్‌ని నిలబెడదామనుకుంటున్నాం” అన్నాడు కురమొతో. అతను సంఘానికి అధ్యక్షుడు. చిన్నప్పుడు బడిలో మినెయో పక్కన కూర్చున్నవాడు.

“నిలబెట్టండి. రాయి నాదా ఏమన్నా?”

“అదుగో, అప్పుడే మొహం ముడుచుకున్నావ్.”

“ఎండ కళ్లల్లో పడుతోంది.”

“పొద్దుట్నుంచీ మబ్బేరా.”

మినెయో తొట్టి అడుగును ఇంకాస్త గట్టిగా తోమాడు.

అకుత్సు ఓసాకాలో పియానోలకు శ్రుతి సరిచేసే పని చేసి రిటైరైన మనిషి. తొమ్మిది వేసవులు చుట్టపుచూపుగా వచ్చిపోయి, పదో ఏట వంతెన పక్కన ఖాళీగా ఉన్న ఇల్లు తీసుకుని ఇక్కడే ఉండిపోయాడు. ఇప్పటికి మూడేళ్లయింది. వచ్చిన ఏడాదే, మూతపడిన బడిలోని పియానోను శ్రుతి చేశాడు. ఆ మధ్యాహ్నం ఊళ్లో సగంమంది కిటికీల దగ్గర నిలబడి విన్నారు. అతను వాయించిందేమీ లేదు. ఒకే మెట్టును పదే పదే నొక్కుతూ కూర్చున్నాడు. దానికే జనం నిలబడ్డారు. మినెయో ముప్పై రెండేళ్లుగా వేటగాళ్ల కోసం దీమపు చేపలను, అంటే నదిలోని చేపను రప్పించే చేపలను, తొట్లలో బతికిస్తున్నాడు. ఆ తొట్ల ముందు ఊరికే నిలబడి చూసినవాడు ఒక్కడూ లేడు.

ఇటువంటి విషయాల్లో మినెయో జ్ఞాపకశక్తి అసాధారణమైనది. కురమొతో భార్య అకుత్సుకి ముల్లంగి ఊరగాయ జాడీ ఇచ్చిన రోజునే, కిందటేడు ఇచ్చిన ఖాళీ జాడీ తిరిగి పంపమని మినెయోకి కబురు చేసింది. పాలవాడు అకుత్సు గుమ్మం దగ్గర ఆగి వాతావరణం మాట్లాడతాడు. మినెయో గుమ్మం దగ్గర సీసాలు దించి వెళ్లిపోతాడు. పట్నం వదిలి కోరి వచ్చినవాణ్ని చూసి ఊరు మురిసిపోతుంది. ఇక్కడే పుట్టి ఇక్కడే ఉన్నవాణ్ని చూసి ఎందుకు మురవాలి? వాడు ఎటూ పోలేదు, అంతే. ఈ తర్కంలో లోపం ఎక్కడుందో మినెయో నిజాయితీగానే వెతికాడు. దొరకలేదు.

అయు నాచు తిని బతికే చేప. ఎరకు లొంగదు. కానీ తాను మేసే రాయి దగ్గరికి మరో అయు వస్తే క్షణం ఓర్చుకోదు. దూసుకొచ్చి డొక్కలో పొడుస్తుంది. అందుకే వేటగాడు బతికున్న అయు ముక్కుకు సన్నని కడియం తొడిగి, తోక వెనక ఉత్త గాలం వేలాడదీసి, పిట్టలవేటలో దీమాన్ని వదిలినట్టు నీళ్లలోకి వదులుతాడు. తరమడానికి వచ్చిన చేప ఆ గాలానికి తనంతట తానే తగులుకుంటుంది. లోయలో దీన్ని చేప అసూయ అంటారు. ఆ మాట సరైనది కాదు. చేప తన తిండిని కాపాడుకుంటోంది. ఇతరుల తిండి చూసి కడుపు మండే ప్రాణి నీళ్లలో ఉన్నట్టు దాఖలా లేదు.

దీమం చురుకైనదైతే అది ఉధృతిలోకి ఎదురీది నది నడిమికి పోతుంది. అలిసిపోయినదైతే ఒడ్డుకు కొట్టుకొస్తుంది. టోపీరాయి కింద నిలబడేవాడికి ఆనవాయితీ ప్రకారం దీమం ఒక్కటే. అది ఏదో ఎంచి ఇచ్చేది మినెయో.

ఆదివారం నాలుగున్నరకు దుకాణం ముందు ఇరవైమంది దాకా ఉన్నారు. ఎదుటి తొట్టిలో చేపలు నీటి ధార కింద మెరుస్తూ తిరుగుతున్నాయి. వెనక తొట్టిలో మూడు చేపలు వేరుగా ఉన్నాయి. శుక్రవారం సంఘం తరఫున నది ఎలా ఉందో చూడడానికి చేసిన పరీక్షవేటలో రోజంతా వాడినవి అవి. ఒంటి మీది జిగురు పోయి, మెరుపు తగ్గి, నీళ్లలో వేలాడుతున్నట్టు ఉన్నాయి. వాటిని అమ్మరు.

అకుత్సు అందరినీ ముందుకు పంపి చివరన మిగిలాడు. అదొకటి. క్యూలో చివర నిలబడి కూడా మంచిపేరు తెచ్చుకోగల మనిషి.

“మీరే చూసి ఇవ్వండి, మినెయో సాన్. నాకు చేపలన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి.”

“పన్నెండేళ్ల నుంచీ చూస్తున్నారుగా?”

“నాకు చెవులు పనిచేసినట్టు కళ్లు పనిచెయ్యవండీ. ఈ వయసులో ఇంకేం నేర్చుకుంటాను?” అని అకుత్సు నవ్వి, తన రేకు డబ్బా అందించాడు.

మినెయో డబ్బా పట్టుకుని వెనక్కి నడిచాడు. ఎదుటి తొట్టి దాటుతున్నప్పుడు అతని అడుగు ఆగిందని చెప్పడానికి లేదు. వెనక తొట్టిలో చెయ్యి పెట్టాడు. చేప బెదరలేదు, అరచేతిలోకి దానంతటదే వచ్చినట్టు వచ్చింది. డబ్బాలో వేసి మూత పెట్టి తిరిగేసరికి, వంటింటి గుమ్మంలో భార్య సయో అన్నపుముద్దల పళ్లెంతో నిలబడి ఉంది. ఆమె తొట్టి వైపు చూసి, డబ్బా వైపు చూసి, లోపలికి వెళ్లింది.

వేట మొదలైంది. గులకరాళ్ల ఒడ్డున మినెయో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. టోపీరాయి దిగువన మోకాటిలోతు నీళ్లలో అకుత్సు తన తొమ్మిది మీటర్ల గడను పట్టుకుని, దీమాన్ని నడిమికి పంపాలని చూస్తున్నాడు. అది రెండు బారలు పోయి, ప్రవాహానికి ఒరిగి, ఒడ్డుకు తేలి వస్తోంది. మళ్లీ పంపాడు. మళ్లీ వచ్చింది. ఎగువనా దిగువనా గడలు వంగుతున్నాయి. రాయి దగ్గర మాత్రం ఏమీ లేదు.

“మునగడమే లేదేంట్రా అది?” అన్నాడు కురమొతో.

“ఒడుపు ఉండాలి దానికి” అన్నాడు మినెయో. చాలా రోజుల తరువాత అతని ఛాతీలో గాలి పూర్తిగా ఆడింది.

మూడోసారి దీమం తిరిగి వచ్చాక అకుత్సు ఒక వింత పని చేశాడు. నీళ్లలోంచి బయటికి వచ్చేశాడు. ఒడ్డు మీద వెనక్కి జరిగి, నీడ నీటి మీద పడకుండా మోకాళ్ల మీద కూర్చుని, గడను నేలబారుగా దించి, చేపను దాని ఇష్టానికి వదిలేశాడు. అది ప్రవాహం మందంగా ఉండే ఒడ్డు రాళ్ల మధ్యకు మెల్లిగా జారింది. మినెయో ప్రతి ఏడూ కాళ్లు పాతి నిలబడే చోటు సరిగ్గా అదే. ఊళ్లో ప్రతి వేటగాడూ నడిమికి చేరే తొందరలో తొక్కేసే చోటు.

గడ కొస ఒక్క ఊపున వంగింది.

పడిన చేప జానెడుకు పైన ఉంది. సీజను మొదటి రోజున ఆ పరిమాణం ఎవరూ చూసి ఉండలేదు. కురమొతో నీళ్లలోకి పరుగెత్తాడు. నలుగురు గడలు వదిలి వచ్చారు.

“నాదేం లేదండీ” అన్నాడు అకుత్సు, వల రెండు చేతులతో పట్టుకుని. “నడిమికి పోనని దీమం మొండికేసింది. మినెయో సాన్ చూసి ఇచ్చారంటే ఏదో ఉండే ఉంటుంది, సరే, దాని మాటే విందామనుకున్నా.”

కురమొతో గిరుక్కున తిరిగి మినెయో వీపు చరిచాడు. “ఒడ్డు పట్టే చేప కావాలని ఎంచి ఇచ్చావన్నమాట! గుట్టు మనిషివిరా నువ్వు! నాక్కూడా చెప్పలేదు!”

మినెయో నోరు తెరిచాడు. అవుననీ కాదనీ తేలని శబ్దం ఒకటి వచ్చింది.

తొంభై ఎనిమిదేళ్ల తోమె బామ్మ ఆ మధ్యాహ్నం సంఘం హాలులో దిండు మీద కూర్చుని చేపను తల నుంచి కొరికింది. ఏ చేప ఏ రాయి మీద మేసిందో రుచి చూసి చెప్పగలదని ఆమెకు పేరు. పరీక్షించినవాళ్లు లేరు. పైగా ఈసారి కథంతా వాకిట్లోనే ఎవరో గట్టిగా అరిచి చెప్పేశారు.

“ఒడ్డు చేప” అంది బామ్మ. జనం ఆహా అన్నారు. “కొవ్వు పట్టి ఉంది. ఒరేయ్ మినెయో, పదకొండేళ్లూ నాకు నడిమి చేపలు పెట్టావు. ఎముకలు నమిలి నమిలి ఉన్న రెండు పళ్లూ అరిగాయి. ఇంత మంచి చోటు ఎందుకు దాచావురా?”

“దాచలేదు బామ్మా.”

“తెలియలేదంటావా?”

మినెయో తల దించుకున్నాడు. తెలియలేదనడం నిజం. కానీ ఇప్పుడు నిజం చెబితే, తెలిసి ఎంచాడన్న పొగడ్త పోతుంది. అది పోతే, మరి ఆ చేపను ఎందుకు ఇచ్చాడన్న ప్రశ్న వస్తుంది. చచ్చుబడిన దీమాన్ని తెలిసి అంటగట్టినవాడి దుకాణానికి వచ్చే ఆదివారం ఎవరు వస్తారు?

“పట్టినవాడు కుడిపక్క, దీమం ఇచ్చినవాడు ఎడమపక్క” అని బామ్మ తన ఎడమన చాప మీద తట్టింది. మినెయో వెళ్లి కూర్చున్నాడు. ఇన్నేళ్లలో ఆమె చెవి వినపడని వైపు ఇదేనని అతను ఎప్పుడూ గమనించలేదు.

కురమొతో గ్లాసు ఎత్తాడు. “అయితే ఇక వచ్చే ఏడు నుంచీ ఇదే పద్ధతి! రాయి అకుత్సు సాన్‌ది, దీమం మినెయోది. జోడీ కుదిరింది!”

అందరూ చప్పట్లు కొట్టారు. అకుత్సు బామ్మ ముందు నుంచి కొద్దిగా వంగి, మినెయోకి తల వంచి నమస్కరించాడు. మినెయో తన వంతు చేపముక్క నోట్లో పెట్టుకున్నాడు. పేగులు తీయకుండా కాల్చే చేప అది. ఆ పేగు చేదు నాలుక వెనక చాలాసేపు నిలిచింది.

ఇంటికి వెళ్లే దారిలో వంతెన దాటాక సయో అడిగింది.

“వెనక తొట్టిలో ఇంకా ఎన్నున్నాయి?”

“రెండు.”

“జాగ్రత్తగా చూసుకోండి. ఆయనకి అవే కలిసొచ్చాయి.”

“నీకు నవ్వులాటగా ఉందా?”

“నవ్వట్లేదే. వచ్చే ఏడు కూడా మీ చేత్తో మీరే ఇవ్వాలి కదా, అది తలుచుకుంటున్నా.”

మరుసటి ఉదయం అకుత్సు ఒక్కడే వచ్చాడు. చేతిలో రేకు డబ్బా, చంకలో సంచి. సంచిలోంచి ఒక దోసకాయ తీసి బల్ల మీద పెట్టాడు.

“మా పెరట్లో మొదటి కాయ. ఒక్కటే కాసింది, మీకే తెచ్చా.”

ఆ ఏడు మినెయో పెరట్లో దోసకాయలన్నీ చేదెక్కాయి. అతను కాయను చూడనట్టు డబ్బా అందుకుని, ఎదుటి తొట్టిలో అన్నిటికంటే చురుకైనదాన్ని పట్టాడు. పట్టడానికి రెండుసార్లు చెయ్యి పెట్టాల్సి వచ్చింది. డబ్బాలో పడగానే అది రేకును టపటపా కొట్టింది.

అకుత్సు డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని కాసేపు విన్నాడు.

“ఇది బాగుంది. నిన్నటిది చప్పుడే చెయ్యలేదండీ. వంతెన దాకా వెళ్లేసరికి తెలిసిపోయింది.”

మినెయో చేతుల్లోంచి నీళ్లు బల్ల మీద కారాయి. “తెలిసి... తిరిగి రాలేదేం? మార్చి ఇచ్చేవాణ్నిగా?”

“అంతమంది ముందు తిరిగొస్తే బాగోదు కదా” అన్నాడు అకుత్సు. కళ్లెత్తలేదు. “పదకొండేళ్ల చోటు. నాకైనా కష్టంగానే ఉండేది.” డబ్బా మూత నొక్కి, తల వంచి, నది వైపు వెళ్లిపోయాడు.

మినెయో అతను మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు. రాయి పోయింది. కుడిపక్క పోయింది. పగబట్టడానికి ఒక మంచి కారణం మిగులుతుందనుకుంటే, దాన్ని కూడా ఆ మనిషి మర్యాదగా మడతపెట్టి సంచిలో వేసుకుపోయాడు. నిన్న అందరి ముందూ ఆ నమస్కారం చేస్తున్నప్పుడు అతనికి అంతా తెలుసు. అంత పెద్దమనసు ఆ మనిషికి ఎక్కడిది? ఇదే లోయలో యాభై తొమ్మిదేళ్లు బతికిన తనకెందుకు లేదు?

బల్ల మీది దోసకాయను తీసి, కడగకుండానే కొరికాడు. లేతగా, నీళ్లగా ఉంది. అప్పుడే నదిలోంచి తీసిన అయుకీ ఇదే దోసకాయ వాసన. ఎక్కడా చేదు లేదు. వెతికి వెతికి తొడిమ దగ్గర కూడా కొరికి చూశాడు.

సయో చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. “అకుత్సు సాన్ తెచ్చిందా? ఎలా ఉంది?”

“చేదు” అన్నాడు మినెయో.

ఆమె అతని చేతిలోంచి కాయ తీసుకుని ఒక ముక్క కొరికి, నమిలి, అతని ముఖంలోకి చూసింది. తరువాత తొట్టి అంచు మీద కూర్చుని, మిగతాదంతా తనే తినేసింది.