ఈశాన్యం మూల నీళ్లు

నేను ఒక పైపును. వేలు లావున, నాలుగు బారల పొడవున, లోపల ఏం పోతోందో పైకి కనిపించే ప్లాస్టిక్ పైపును. నాకు సొంత సరుకంటూ ఏమీ లేదు. ఒక కొసన పుచ్చుకుని రెండో కొసన ఇచ్చేయడమే నా వ్యాపారం. మధ్యలో నాలుగు చుక్కలు దాచుకున్నానా, పాచి పట్టి నేనే పాడవుతాను. అందుకే నిలవ ఉంచుకునేవాళ్లను చూస్తే నాకు భయం.

విశాఖపట్నం శివార్లలో ఒక రేకుల షెడ్డులో నన్ను కరిగించి, లాగి, చల్లార్చి, చుట్టగా చుట్టారు. అనకాపల్లిలో ఒక హార్డ్‌వేరు కొట్టు గుమ్మానికి వేలాడుతుంటే అప్పలకొండ అనే తాపీమేస్త్రి కొన్నాడు. నాలో నీళ్లు నింపి, ఈ గోడకు ఒక కొస, ఆ గోడకు ఒక కొస ఆనించి మట్టం చూసుకునేవాడు. ఒకరి మాట ఒకరు నమ్మని అన్నదమ్ములు కూడా వాటా గోడ దగ్గర నాలోని నీటిని చూసి నోరు మూసుకునేవారు. అవి నాకు మంచి రోజులు. ఖర్చు లేదు, గౌరవం మాత్రం వచ్చేది.

ఆ తర్వాత బెల్లం వ్యాపారి సూర్యలింగం గారి ఇంట్లో పని తగిలింది. హాల్లో ఈశాన్యం మూల, మంచమంత పొడుగున్న చేపల తొట్టెకు దిమ్మ కట్టాలి. దిమ్మ అయిపోయిన రోజున ఆయన భార్య నూకరత్నం గారి కన్ను నా మీద పడింది.

"ఏం కొండా, ఆ గొట్టం ఇచ్చీ. తొట్టెలో నీళ్లు తియ్యడానికి పనికొస్తాది."

"మరి నా మట్టం ఏటవుద్దమ్మా?"

"ఇంకోటి కొనుక్కో. గోడ వంకరైనా నిలబడతాది. చేప నిలబడదు."

అలా చేతులు మారాను. ప్రతి ఆదివారం పొద్దున్నే నా ఒక కొస తొట్టెలో ముంచి, రెండో కొస నోట పెట్టుకుని ఆవిడ ఒక్క పీల్పు పీల్చేది. నీళ్లు నా గొంతులోకి ఎక్కి, ఇక వాటంతట అవే దిగిపోయేవి. ఒక్కోసారి పుక్కెడు నీళ్లు ఆవిడ నోట్లోకే పోయేవి.

"చేపల కషాయం పుచ్చుకున్నావు. ఇంక నీకు టిఫిన్ అక్కర్లేదు రత్నం" అనేవాడాయన, పేపరు దించకుండా.

"మీకూ ఓ గ్లాసు పట్టనా? అరుగుదల బాగుంటాది."

అడుగున ఉన్న రెట్టా, మిగిలిపోయిన మేతా నాతో లాగించి, మూడో వంతు నీళ్లు మాత్రమే తీసేది. అవి కనకాంబరం కుండీలకు పోయేవి. ముందురోజే డ్రమ్ములో పట్టి, బ్లీచింగు వాసన పోనిచ్చిన నీళ్లు బదులు పోసేది. తీసుకున్నంత ఇవ్వడం, ఇచ్చినంత తీసుకోవడం. ఇంతకన్నా న్యాయమైన బేరం నేనెక్కడా చూడలేదు.

ఆ తొట్టెలో నల్లోడు ఉండేవాడు. ఒంటి మీద నిప్పు రంగు మరకలున్న నల్లటి చేప. చిటికెన వేలంత ఉన్నప్పుడు తెచ్చి అరచేతి కంటే పెద్దవాణ్ని చేసింది ఆవిడ. వాళ్లకు పిల్లల్లేరు. వంటమనిషి పిలిస్తే పలకదు, మొగుణ్ని పిలిచినా పేపరు దించడు. "ఒరే నల్లోడా" అంటే అద్దం దగ్గరికి వచ్చి చేతిలో మేత తినేది ఆ ఇంట్లో వాడొక్కడే.

ఒక ఏడు బెల్లం మార్కెట్ చతికిలబడింది. సూర్యలింగం గారు ఒక సిద్ధాంతిని తీసుకొచ్చాడు. ఆయన ఇల్లంతా తిరిగి తొట్టె దగ్గర ఆగాడు. నేను ఆవిడ చేతిలోనే ఉన్నాను.

"ఈశాన్యంలో నీళ్లంటే లక్ష్మి కదా లింగం గారూ. వారం వారం తోడి కుండీల్లో పోసీడమేటండి?"

అంతే. అద్దం మీద నీటి మట్టం దగ్గర కుంకుమ బొట్టు పెట్టించాడు. నీళ్లు బొట్టు దిగకూడదు. తగ్గినంత పొయ్యొచ్చు, చుక్క తియ్యకూడదు. నన్ను కిటికీ పక్కన మేకుకు తగిలించారు.

అక్కడినుంచి నాకు తొట్టె బాగా కనిపించేది. నీళ్లు తేటగానే ఉండేవి. మోసమంతా అందులోనే ఉంది. ఆవిరయ్యేది నీరు మాత్రమే. చేపలు విడిచిన విషం ఆవిరి కాదు. పైన కొత్త నీళ్లు పోసేకొద్దీ అడుగున పాత పాపం పేరుకుంది. చిన్న చేపలు ఒక్కొక్కటే తేలాయి. నల్లోడి రెక్కల అంచులు చిరిగాయి, రంగు బూడిదైంది. మేతకు వచ్చి, నోరు తెరిచి, తినకుండా తిరిగి వెళ్లేవాడు.

"ఏవండీ, వానాకాలంలో బెల్లం గోదాంలో అట్టేపెడితే ఏటవుతాది?" అందావిడ ఒకరోజు.

"కారిపోతాది. అదీ తెలీదా నీకు?"

"మరి ఇది కారదా?"

"అది సరుకే. ఇది శాస్త్రం."

"ఓ చెంబుడు తియ్యనివ్వండి. మీరు చూడకండి."

"నాను చూడకపోతే లక్ష్మి చూడదా?"

మేకు మీద వేలాడుతూ అన్నీ చూశాను. పనికొచ్చే వస్తువు పక్కనే ఉండగా ప్రాణం పోతుంటే చూడడం కంటే పెద్ద నష్టం లేదు.

చివరికి నల్లోడు పక్కకు ఒరిగాడు. దవడ మాత్రం ఆడుతోంది. అప్పుడు భయపడ్డాడు సూర్యలింగం గారు. బతికిన చేప లక్ష్మి అయితే చచ్చిన చేప ఏమవుతుందో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పరుగున వచ్చి నన్ను మేకు మీంచి లాగాడు.

"తీసీద్దాం. మొత్తం తీసీద్దాం."

"వద్దండి" అందావిడ. "మూడో వంతే. ఇన్నాళ్లు ఈ నీళ్లకే అలవాటు పడ్డాడు. ఒక్కసారి మారిస్తే తట్టుకోలేడు."

"చెడిపోయిన లాటులో సగం ఉంచుకుంటావేటే?"

నా కొస నోట పెట్టుకుని పీల్చాడు. నేను పారాను. నాకు కుళాయి లేదు. ఒకసారి ఎత్తుకుంటే అవతల నీరున్నంతసేపూ ఆగడం నా చేతిలో లేదు. ఆవిడ వచ్చి నా నడుము మడిచి గట్టిగా పట్టుకుంది. ఆగాను. ఆయన ఆవిడ వేళ్లు ఒక్కొక్కటే విడదీశాడు. మళ్లీ పారాను. నల్లోడు జానెడు నీళ్లలో కొట్టుకుంటుండగా, ఆయన బ్లీచింగు వాసన పోనివ్వకుండానే కుళాయి నీళ్లు బకెట్లతో తెచ్చి గుమ్మరించాడు.

నీళ్లు నిండాయి. నల్లోడు నిటారుగా లేచాడు. ఒంటి మీద నిప్పు రంగు తిరిగొచ్చినట్టుంది.

"చూసేవా" అన్నాడాయన, రొప్పుతూ.

ఆవిడ చూడలేదు. అద్దానికి చెయ్యి ఆనించి పిలిచింది. వాడు తొట్టె ఈ కొసనుంచి ఆ కొసకు బాణంలా వెళ్లి, అద్దానికి గుద్దుకుని, ఒక్కసారి వణికి, కడుపు పైకి తిప్పేశాడు.

"నీళ్లు తెల్లగానే ఉన్నాయి కదే" అన్నాడాయన.

సాయంత్రానికల్లా విశాఖపట్నం మనిషిని పంపి అదే రకం చేపను తెప్పించాడు. ఇంకా పెద్దది. ఖాళీ అయిన అరలో సరుకు సర్దడం ఆయనకు తెలిసిన విద్య. "రత్నం, చూడు, అచ్చం వాడే" అన్నాడు. ఆవిడ లోపలి గదిలోంచి రాలేదు. కొత్త చేప తొట్టె మధ్యలో కదలకుండా ఉండిపోయింది. ఎవరి చేతికీ రాలేదు.

ఇప్పుడు నా ఒళ్లు పసుపు పచ్చబడింది. మడత పెట్టినచోట పగుళ్లు వస్తున్నాయి. ఇంకొన్నాళ్లకు పాత సామాన్లవాడి తూకంలోకి పోతాను. దానికి బెంగ లేదు. వాడకంలో అరిగినది నష్టం కాదు.

ఈ ఆదివారం సూర్యలింగం గారు నన్ను చేత్తో పట్టుకుని తొట్టె ముందు నిలబడ్డాడు. ఒక కొస ముంచాడు. రెండో కొస నోటిదాకా తెచ్చి ఆగాడు.

"రత్నం, ఎంత తియ్యాలి?"

ఇన్నేళ్లలో ఆయన ఆవిడను ఏదైనా అడగడం నేను వినడం ఇదే మొదలు.

"మూడో వంతేనా?"

నన్ను నోటికి ఆనించుకోనూ లేదు, దించనూ లేదు. అలాగే నిలబడి, లోపలి గది తలుపు వైపు చూస్తున్నాడు.