జనుమాకు లేసు

చంటివాడు నిలబడకుండానే చేజారిపోతాడేమోనన్నదే కృపమ్మకు అన్నిటికన్నా పెద్ద భయం. తొలిబిడ్డను జ్వరం తీసుకుపోయింది. రెండోవాడు దేవదానం. ఏడాది దాటినా గోడ పట్టుకు లేవడు. కూర్చోబెట్టినచోట కూర్చుని నవ్వుతాడు. ఆ నవ్వు చూస్తే ఆమెకు మరింత దిగులు.

రాజోలు దగ్గరి ఆ పేటలో మిగతా ఆడవాళ్లలాగే కృపమ్మ కూడా ఏజెంటు దానమ్మగారిచ్చిన నూలుతో లేసు అల్లుతుంది. అయిదో తరగతిలో బడి మానిపించినప్పటినుంచీ చేతిలో కొక్కెం సూదే. ఎనభై రెండులో జపాను బేరగాళ్ల కోసం కొత్త నమూనా వచ్చింది. మధ్యనుంచి ఆరు వైపులకూ గీతలు, వాటిని కలుపుతూ కోణాలు, ఒకదానికొకటి అతుక్కున్న నక్షత్రాల్లాంటి చుక్కలు.

అత్తగారు సుందరమ్మ అది చూసి మొహం చిట్లించింది. "ఉయ్యాల పక్కన సాలెగూడు అల్లుతున్నావేటే? చూర్లో ఉన్నవి చాల్లేదా?"

వేళాకోళానికే అంది. ఆ సాయంత్రమే దేవదానానికి ఒళ్లు కాలిపోయింది. వాన జలుబేనన్నాడు కాంపౌండరు. కృపమ్మ నమ్మలేదు. గూట్లో పురుగు చిక్కినట్టు తన బిడ్డ చిక్కాడనుకుంది. పని మానేస్తే ఇల్లు గడవదు. అందుకని, బుగ్గన దిష్టిచుక్క పెట్టినట్టే, ప్రతి చుక్కకూ ఒక గీత అల్లకుండా వదిలేసింది. గూటికి దారుంటే పురుగు బయటపడుతుంది కదా అని.

జ్వరం తగ్గాక ఒకరోజు దానమ్మగారు వచ్చి, అల్లికను వెలుగులోకి పట్టుకు చూశారు.

"ఇదేటమ్మా, అన్నిటికీ ఒక్కో పన్ను ఊడింది?"

కృపమ్మ తలదించుకుని ఉన్నదంతా చెప్పేసింది. దానమ్మగారు నవ్వలేదు. చాపమీద చతికిలబడ్డారు.

"నర్సాపురంలో నమూనా ఇచ్చినాయన చెప్పేరు. అది ఆకమ్మా. మన జనుములాటి నారమొక్క ఆకు. జపానోళ్లు పసిబిడ్డల బట్టలమీద అదే వేస్తారంట."

"పసిబిడ్డలకాండీ?"

"ఆయ్. ఆ మొక్క వంకర పోదు, చూస్తుండగా ఎదుగుద్ది. బిడ్డా అలాగే నిటారుగా ఎదగాలని, ఏ కీడూ అంటకూడదని. కోతలయ్యాక చేలో జనుం చల్లితే ఎలా లేస్తాదో నీకు తెలీదా?"

"మనిషెత్తు లేస్తాదండి."

"మరింకేం. నిలబడతాళ్లే. మా చిన్నోడు రెండోయేట లేచేడు. ఇప్పుడు ఇంట్లో ఉంటే ఒట్టు."

"అయితే మావోడికీ ఓ చొక్కా అల్లవే," అంది సుందరమ్మ తప్పు దిద్దుకుంటున్నట్టు.

కృపమ్మ గుండెలమీది బండ దిగిపోయింది. ఆకు బొమ్మకే పిల్లాడు లేచి నడుస్తాడని ఆమేమీ అనుకోలేదు. తన చేతుల్తో తానే బిడ్డకు కీడు అల్లలేదు, అది చాలు. వదిలేసిన గీతలు ఆ పూటే పూరించడానికి కూర్చుంది. చాన్నాళ్లకు ఆకలేసింది.

దానమ్మగారు గుమ్మం దిగుతుంటే మాత్రం ఉలిక్కిపడింది. "పిన్నిగారండీ, మొన్న లేసు ఇవ్వడానికొచ్చిన పి.గన్నవరం సత్యవేణికి కూడా ఈ నమూనా సాలెగూడని చెప్పేసేనండి. ఆ భయంతో పాలు తాగే పిల్లని తన పుట్టింట్లో దింపేసిందంటండి."

దానమ్మగారు వచ్చే నెలదాకా అటు వెళ్లరు. కృపమ్మకు చంటివాణ్ణి వదిలి కదిలే వీల్లేదు. ఇది చదివేవారు ఎవరైనా ఆ దారిన వెళుతుంటే, పి.గన్నవరంలో గోదావరి మీదుగా కాలువను దాటించే అక్విడక్టు వంతెన దగ్గర బస్సు దిగండి. లేసు అల్లే సత్యవేణి ఇల్లంటే చూపిస్తారు. అది ఆకేనని చెప్పి, పిల్లను తెచ్చుకుందో లేదో ఒక్కసారి చూడండి.